నా పట్టుచీర, ఆవిడ కుచ్చిళ్ళు

మా తోటికోడలు పోయిన కబురు నాకంటే ముందు నా కూతురికి తెలిసింది. ఆవిడ ఇల్లు కద్మాలో, మాది సోనారిలో. ఆటో ఎక్కి సర్దుకుని కూర్చునేలోపే దిగాలి, అంత దగ్గర. అమ్మాయేమో రాంచీలో హాస్టల్లో ఉంటుంది. తెల్లవారి టీ తాగుతుంటే అది ఫోన్ చేసి, “మమ్మీ, పెద్దమ్మ చలీ గయీ” అని గొల్లుమంది. ఆవిడ ఫోన్‌లో అన్నిటికంటే పైన ఉన్న నంబరు దానిదేనట. బావగారు కంగారులో అదే నొక్కేశారు. పోయినావిడ కోసం నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజమే. కానీ అంతకన్నా ముందు, ఆవిడ ఫోన్‌లో నా కూతురి నంబరు పైనెందుకుందని కుళ్ళుకున్నాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకు అలాగే ఉండేది. ఇప్పుడు కొత్తగా మంచిదాన్నైపోలేను.

పెళ్ళై శ్రీకాకుళం నుంచి ఈ ఊరొచ్చినప్పుడు నాకు హిందీ ముక్క రాదు. బిష్టుపూర్ బజారులో బేరమాడడం నేర్పింది ఆవిడే. “రేటు అడక్కు. ముందల మొహం సిట్లించు, ఆడే తగ్గిత్తాడు” అనేది. ఇప్పటికీ అలాగే చేస్తాను, పనిచేస్తుంది. ఆవిడ నేర్పినవి అన్నీ పనిచేస్తాయి. అదీ నా ఏడుపు.

ఆవిడకొక అలవాటు ఉండేది. మా బంధువుల్లోగానీ ఆ వీధిలోగానీ ఎవరి పిల్లలు పన్నెండో క్లాసు ముగించినా ఇంటికి పిలిచి, వాళ్ళు కోరిన కూర వండి, పక్కన కూర్చుని తినిపించేది. ఆవిడ చేసే వేడుక మొత్తం అంతే. ఈ ఊళ్ళో మిగతావాళ్ళ వేడుకలు మీకు తెలియనివి కావు. బడిలో ఫేర్‌వెల్ ఒకటి, ఆ తర్వాత హోటల్లో హాలు తీసుకుని, డీజే పెట్టి ఇంకొకటి. మగపిల్లలకు సూట్లు, ఆడపిల్లలకు చీరలు, గేటు దాకా పూలు కట్టిన కార్లు. పై చదువు ఇంకా మొదలే కాలేదు, ఇప్పుడే ఊరేగింపేమిటని చాలామంది అంటారు. వాళ్ళ పిల్లల వంతు వచ్చినప్పుడు ఏం చేస్తారో కూడా చూశాను.

నేను మాత్రం దాచుకోకుండా చేశాను. పార్లర్, కారు, ఫొటోగ్రాఫరు, అన్నీ మాట్లాడాను. చీర కొనలేదు. నా పెళ్ళి పట్టుచీర తీశాను. పిల్ల మొదటిసారి చీర కడుతోంది, ఆ చీర నాదై ఉండాలి.

“ఎక్కువైపోనాది సెల్లీ” అంది మా తోటికోడలు.

“అందరూ చేస్తున్నారక్కా. మనమ్మాయే వెలితిగా కనబడాలా?”

“దానికి సీర బరువైపోనాదంటే ఆ పండగ మనదే గానీ దానిది కాదే.”

నేను పట్టుచీర తీసి ఇస్త్రీకి పంపేశాను. ఆ వేళ రాత్రి వంట కూడా సరిగ్గా చేయలేదు.

ఫేర్‌వెల్ రోజు పార్లర్ ఆవిడ ఆ జరీ చూసి, పెళ్ళికే అనుకుంది. ఇక్కడి పెళ్ళికూతుళ్ళకు కట్టినట్టు పైట వెనక నుంచి కుడి భుజం మీదుగా ముందుకు తెచ్చి, పొట్టంతా పరిచి, పిన్నులు కొట్టేసింది. నేను అటు ఫొటోగ్రాఫరుతో మాట్లాడుతూ గమనించలేదు. అమ్మాయి అద్దంలో చూసుకుని ఏడుపు మొహం పెట్టింది. నేనూ దాని స్నేహితురాలూ కూడా కారెక్కాక డ్రైవరుతో నేరుగా చెప్పింది, “భయ్యా, కద్మా.”

గుమ్మంలో దాన్ని చూసి ఆవిడ పకపకా నవ్వింది.

“ఏటే ఇది? బడికెల్తన్నావా, పీటల మీద కూకుంటన్నావా?”

“పెద్దమ్మా, ఠీక్ కర్ దో నా” అంది అమ్మాయి.

ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే నేల మీద కూర్చుంది. పిన్నులన్నీ పీకి పళ్ళ మధ్య పెట్టుకుంది. కుచ్చిళ్ళు ఒక్కొక్కటే వేలితో సరిచేస్తూ, పైట మనవైపు వేసినట్టు ఎడమ భుజం మీదికి మార్చింది. జనవరి చలిలో అమ్మాయి స్వెట్టరు వద్దంటే, “వణికితే వణుకు, కుచ్చిళ్ళు మటుకు కదపకు” అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నన్నొక పిన్ను అందించమని కూడా ఎవరూ అడగలేదు.

అంతటితో అయిందా? అమ్మాయి ముందే కోరిందని ఎండు నెత్తళ్ళ ఇగురు వండి ఉంచింది. పట్టుచీర మీద తువ్వాలు పరిచి, ముద్దలు కలిపి పెట్టింది. ఆ సాయంత్రం హోటల్లో నేను ఏరి ఏరి చేయించిన వంటల్లో నా కూతురు ఒక్క చెంచా ముట్టలేదు. వచ్చిన తల్లులందరూ కుచ్చిళ్ళు ఎవరు పెట్టారని అడిగారు. చీర ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

ఇవన్నీ ఆవిడ మీద ఫిర్యాదులు కావు. ఆవిడ నా దగ్గర్నుంచి ఏదీ లాక్కోలేదు. తలుపు తీసి కూర్చునేది, పిల్లలే వెళ్ళేవారు. నాకూ జ్వరమొస్తే గంజి పంపింది ఆవిడే. కృతజ్ఞత ఉంది. అసూయ కూడా ఉంది. రెండూ ఒకే ఇంట్లో అద్దెకున్నట్టు నాలో ఉన్నాయి.

పెద్దకర్మకు గోడకు పెట్టడానికి ఫొటో కావలసి వచ్చింది. ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప ఆవిడకు వేరే ఫొటో లేదన్నారు బావగారు. నేను ఫేర్‌వెల్ ఆల్బమ్ తెచ్చి పేజీలన్నీ తిప్పాను. అన్నింట్లోనూ నేనున్నాను, కెమెరాను చూస్తూ. ఆవిడ ఒక్కదాంట్లోనూ లేదు. హోటలుకు పిలిచినా రానంది. చివరికి అమ్మాయే తన ఫోన్లో ఒకటి వెతికి తీసింది. ఆ రోజు దాని స్నేహితురాలు గుమ్మంలోంచి తీసిన ఫొటో. ఆవిడ నేల మీద కూర్చుని తల పైకెత్తి చూస్తోంది. ఎదురుగా అమ్మాయి, వెనక నేను. అందులోనూ కెమెరా వైపే చూస్తున్నాను.

ఫొటో షాపులో అమ్మాయినీ నన్నూ తీసేసి, ఆవిడ మొహం ఒక్కటీ పెద్దది చేసి ఇచ్చారు. ఇప్పుడది కద్మా ఇంట్లో గోడ మీద, దండ వేసి ఉంది. కళ్ళు పైకెత్తి, మొహమంతా నవ్వు. వచ్చినవాళ్ళు, “పైవాణ్ణే చూస్తన్నాది మహాతల్లి” అని దణ్ణం పెట్టి వెళ్తున్నారు.

ఆవిడ చూస్తున్నది పైవాణ్ణి కాదు. అక్కడ నిలబడి ఉన్నది నా కూతురు.