మిరియాల పేరు పెట్టుకున్న కాయ

మొన్న చలి తగ్గగానే ఎమ్మిగనూరు నుంచి బండెడు ఎండుమిరపకాయలు తెచ్చి, ఆదోనిలో మా మిద్దె మీద పోశాను. బండెడు అన్నది నా నోటి అలవాటు. తెచ్చింది ఒక గోనెసంచి. ఏడాది కారానికి అది చాలు. కాయలు గలగలమనేలా ఎండాక ఇంటిల్లిపాదీ కుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తాం.

ఈసారి మా మనవడి కొత్త పెళ్లాం కూడా కూర్చుంది. సరిహద్దు అవతల, సిరుగుప్ప వైపు కన్నడ పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ, మాట్లాడితే నవ్వుతామని నోరు విప్పదు. నెల దాటినా తల ఊపడమే జవాబు. మర్నాడు వాళ్ల నాయన వచ్చి పుట్టింటికి తీసుకుపోతాడు. పోతే మళ్లీ వస్తుందో రాదోనని మా ఆవిడ బెంగ. నాదీ అదే.

ఆ మౌనం భరించలేక నేనే మొదలుపెట్టాను.

"మిరపకాయ యాడ పుట్టిందో తెలుసునా? మన ఆదోని కోట కిందనే! ఈడనుంచే లోకమంతా పోయింది."

"సాల్లేబ్బా నీ కోతలు! నిన్న ఉల్లిగడ్డ గూడా ఈడనే పుట్టిందంటివి," అంది మా ఆవిడ.

ఒప్పుకున్నాను. కోట సంగతి అప్పటికప్పుడు అల్లింది. ఇక అసలు సంగతి చెప్పాను. మిరప ఓడల్లో పరదేశం నుంచి వచ్చిన మొక్క. అంతకుముందు మన వంటల్లో ఘాటంతా మిరియాలదే. కొత్త కాయకు ఆ పేరే పెట్టి మిరియపు కాయ అన్నారు. నోళ్లలో నలిగి అది మిరపకాయ అయింది. ఇది మాత్రం కోత కాదు.

"మా కడె మెణసినకాయి అంటారు తాతా. మెణసు అంటే మిరియాలే."

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. చేతులన్నీ ఆగాయి. మనవడి పెళ్లాం ముఖం కాయలకంటే ఎర్రబడింది.

"మీ తాత కుప్ప కాడ ఒక నిజం మాట ఇన్నాము," అంది మా ఆవిడ. "ఇంగోటి సెప్పు తల్లీ."

"మీ పప్పులో కారం కమ్మి, అవ్వా. చాలదు."

"నెల నుంచీ ఇదా మింగుకోని కూసున్న్యావు!"

మిద్దె మీద అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా ఆ పిల్లే నవ్వింది.

మర్నాడు వాళ్ల నాయన వెంట బయలుదేరుతూ గడప దగ్గర ఆగింది. "మిగిలినవి ముట్టొద్దు తాతా. వచ్చి నేనే తీస్తా. కారం నేనే పట్టిస్తా."

కుప్ప మీద గోనెపట్టా కప్పాను. వీధిలో అడిగినవాళ్లకల్లా ఎల్లుండే వచ్చేస్తుందని చెబుతున్నాను. నిజానికి తను వారమంది.