శుక్రవారం లోడు చేయొచ్చు

వీరవేణి నరసాపురం అవతల, సముద్రం మీద వేటాడి బతికే ఇంట్లో పుట్టింది. డిగ్రీ అయ్యాక కంప్యూటరు నేర్చుకుని, భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే ఆఫీసులో చేరింది. చేరిన రోజే ఓనరు బంగార్రాజు గారు ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. 2001లో రాజమండ్రిలో బీఈడీ సీటొచ్చింది. సర్టిఫికెట్లు ఎలా అడగాలా అని ఆమె రోజూ ఆయన ముఖం చూసేది.

బంగార్రాజు గారు కంప్యూటరు ముట్టరు. వచ్చిన ఈమెయిలల్లా కాగితం మీదికి రావాలి. బెల్జియం వ్యాపారి జవాబిస్తే, దాని కింద వీరవేణి రాసిన పాత మాటలు కూడా తిరిగొచ్చేవి. వాటిలో ప్రతి లైను ముందూ చిన్న బాణం గుర్తు. బాణం ఉంటే మన మాట, లేకపోతే అతని మాట. జవాబు మీద జవాబు పెరిగేకొద్దీ ఆ లైన్లు ఎక్కడపడితే అక్కడ విరిగేవి.

“ఏంటమ్మా ఈ తెగిన ముక్కలు? సాపుగా తీసివ్వు,” అన్నారాయన.

అప్పట్నించి ఆమె లైన్లు సర్దే కీ నొక్కి ప్రింటు తీసేది. ఆ కీకి బాణం కూడా ఒక అక్షరమే. లైన్లు కలిపేటప్పుడు దాన్ని వాక్యం మధ్యలో పడేసేది. చూడ్డానికి బాగోలేదని ఆమె బాణాలు చెరిపేసేది.

ఒకసారి “తల తీసిన రొయ్యలు శుక్రవారం లోడు చేయొచ్చు” అని వీరవేణి రాసింది. “మీ మెయిల్ అందింది. మా వాళ్లతో మాట్లాడుతున్నాం,” అని అతను బదులిచ్చాడు. ప్రింటులో రెండూ ఒకే పేరా అయిపోయాయి. చివరి మాట అతనిదేననుకుని బంగార్రాజు గారు సరుకు ఎక్కించేశారు. కంటైనరు ఓడెక్కాక, మేం ఒప్పుకోలేదని బెల్జియం నుంచి కబురొచ్చింది.

ఆమె ఆయనకి స్క్రీను చూపించింది. “ఇదిగోనండి, ఈ లైను ముందు బాణం ఉందండి. ఇది మన మాటేనండి.”

“నాకిచ్చిన కాగితంలో ఉందా?”

“లేదండి.”

సాపుగా ఇమ్మన్నది మీరే కదండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. సర్టిఫికెట్ల మాట ఎత్తితే, “ముందు ఆ సరుకు సంగతి తేలనీ,” అన్నారాయన.

వేరే దేశంలో ఆ సరుకు అమ్ముడయ్యేసరికి కాలేజీ గడువు దాటిపోయింది. అయినా మళ్లీ అడిగింది.

“ఈ బాణాల గొడవ నీకొక్కదానికే తెలుసు. నువ్వెళ్లిపోతే ఎలాగమ్మా?” అని ఆయన నవ్వారు. కోప్పడినా బాగుండేదనిపించింది ఆమెకి.

ఆ తర్వాత ఆయన ఎంత విసుక్కున్నా ఆమె ఆ కీ మాత్రం ముట్టలేదు. విరిగిన లైన్లు విరిగినట్టే, బాణాలతో సహా, ఆయన బల్ల మీద పెట్టేది.

ఆదివారం ఇంటికెళ్తే తండ్రి అప్పాజీ వల బాగుచేస్తూ అడిగాడు. “కాలేజీ ఎప్పుడమ్మా?”

“వచ్చే ఏడు, నాన్నా.”

ఆ వచ్చే ఏడు కూడా ఆమె అదే గదిలో కూర్చుంది. జపాను మెయిళ్లు కూడా అప్పటికి ఆమెకే అప్పగించారు.