మా మామ కారు బ్రేకుల తగాదా

ఇప్పటి జనం సంతకు పోయి వంకాయలు తెచ్చుకున్నంత తేలిగ్గా కారు కొనుక్కొస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది (నా ఒళ్ళు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదని మా ఇంట్లో అంటారు, అది వేరే సంగతి). ఆ రోజుల్లో చేతిలో సొమ్మున్నా కారు వచ్చేది కాదు. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవాలి. అలా కాచుకుని కాచుకుని, కన్నడ సీమ అంచున ఉన్న గూళూరులో మా మేనమామ ఒక నల్ల కారు కొన్నాడు. దానికి కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఊరంతా తిప్పాడు. ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. ఒక రోజు బాగేపల్లి సంతలో బ్రేకు తొక్కితే ఆయన కాలు అడుగుదాకా పోయింది గానీ కారు మాత్రం ఆగలేదు. నేరుగా పోయి కుండలమ్మే ఆమె దుకాణంలో దూరింది. కుండలకు పరిహారం ఇచ్చాడు, దానికేమీ బాధపడలేదు. సంతలో జనం "బ్రేకు లేనాయన" అని పేరు పెట్టారే, అది మాత్రం ఆయనకు గుండెల్లో గుచ్చుకుంది. మా అత్త అయితే ఇక ఆ బండి ఎక్కేది లేదని తాళిబొట్టు మీద ఒట్టేసింది.

అంతలో చింతామణి నుంచి ఇంకో కబురు. అదే కారు కొన్న అక్కడి బెల్లం వ్యాపారి, బ్రేకు పడక తన అంగడి అరుగునే గుద్దాడట. రెండు కొత్త కార్లకు ఒకటే రోగం వచ్చిందంటే తప్పెవరిది? కంపెనీది కాదూ? నేను అప్పుడే కాలేజీలో చేరి, ప్రపంచంలోని అన్యాయాలన్నీ నా ఒక్కడి కోసమే కాచుకుని ఉన్నాయని నమ్ముతున్న వయసులో ఉన్నాను. "అల్లుడా, నీకు ఇంగ్లీషు వస్తాది గదా. ఆ చిక్కబళ్ళాపురం ఏజెంటును నువ్వే కడిగెయ్యల్ల" అన్నాడు మామ. బ్రేకు ఆయిలు పోసుకుంటూ, మొదటి గేరులో, ఎద్దుల బండ్లు మమ్మల్ని దాటి పోతుండగా చిక్కబళ్ళాపురం చేరాం.

మామకు కారు అమ్మిన ఆ ఏజెంటు మండే ఎండలో కూడా కోటు విప్పని మనిషి. కూర్చోమని కూడా అనలేదు. "బెంగళూరులో ఎవరికీ రాని జబ్బు మీ వైపు వాళ్ళకే ఎందుకొస్తుంది? హళ్ళి జన!" అన్నాడు. పల్లెటూరి జనం అట! నాకు నషాళానికి అంటింది. ప్రాణాల విలువ గురించి, కొన్నవాడి హక్కుల గురించి ఇంగ్లీషులో అందుకున్నాను. ఇంగ్లీషు సగంలోనే అయిపోయింది. తక్కినది కన్నడంలో లాగించాను. చివర్లో తిట్లకు వచ్చేసరికి తెలుగు తప్ప ఇంకేదీ సరిపోలేదు. మామ మహా సంతోషపడి, "అట్లా అడుగు!" అని నా వీపు చరిచాడు.

కోటాయన జాకీ పెట్టించి చక్రం ఊడదీయించాడు. లోపల, పక్షి గూడంత చుట్ట. ఎండిన తీగలు, మధ్యలో గలగలలాడే కాయలు. "ఇదేమిటి?" అన్నాడు, దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని.

మామ కొంచెం కూడా తడబడలేదు. "ఉలవ తీగ గదప్పా! తెలీదా నీకు?"

మా వైపు రైతులు కోసిన ఉలవను తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సు చక్రాలు దాన్ని తొక్కిపోతే గింజ రాలుతుంది. కానీ బస్సు ఎప్పుడో గానీ రాదు. మామ కారు ఊళ్ళోకి దిగినప్పటి నుంచి "అన్నా, మా ఉలవ మీద ఒక సుట్టు తిప్పప్పా" అని అడగని వాడు లేడు. కాదనడం మామకు చేతకాదు. చింతామణి వ్యాపారి కూడా తనకు బెల్లం వేసే రైతులకు అదే సేవ చేశాడట. తీగలు చుట్టుకుని చుట్టుకుని బ్రేకు గొట్టాన్ని తెంపేశాయి.

"కారు రోడ్డు మీద పోయేదే గదా? మా రోడ్డు మీద ఉలవలే ఉంటాయి! పోగూడదని ఇచ్చేటప్పుడే సెప్పల్ల గదా నువ్వు?" అని ఎగిరాడు మామ. (నన్నడిగితే ఆ వాదంలో తప్పేమీ లేదు. ఇవాళ్టికీ ఎవరితోనైనా వాదిస్తాను.) చివరికి కోటాయన గొట్టం మార్చి ఇస్తానన్నాడు, ఇక ఉలవల మీద తోలనని మాటిస్తేనే. మళ్ళీ తీగ కనిపిస్తే బండిని తన గడప తొక్కనివ్వనన్నాడు. వేరే దిక్కు లేదు. "ఇంక నేను ఉలవల మీద తోలను" అన్నాడు మామ. మాటిస్తే ప్రాణం పోయినా తప్పే మనిషి కాదు.

తిరుగు దారిలో మిట్టేమరి దగ్గర రోడ్డుకు అడ్డంగా పరిచిన ఉలవ, పక్కన ఒక ముసలామె. పైన అకాలపు మబ్బు కమ్ముకొస్తోంది. మామ బ్రేకు మీద కాలు పెట్టగానే కారు బుద్ధిగా నిలబడింది.

"బస్సు రాలేదప్పా. వాన వస్తాండాది. నాకు ఏడాదికంతా ఈ గింజలే. ఒక్క సుట్టు తిప్పి పో నాయనా" అంది ఆమె.

మామ ఆకాశం వైపు చూశాడు. నాకు కోటాయన మీద మళ్ళీ కోపం పొంగుకొచ్చింది. ఇలాంటి మాట తీసుకునే వాడు అసలు మనిషేనా! అంతలో మామ దిగి, ఇటువైపు వచ్చి తలుపు తీశాడు.

"ఆ పక్కకు జరుగు. మాట ఇచ్చింది నేను గదా? నువ్వేమీ ఇయ్యలేదే. తోలు."

"మామా, నాకు తోలేది సరిగ్గా రాదు!"

"నిలిపేది వస్తే సాలు. బ్రేకు బాగుండాది ఇప్పుడు."

తోలాను. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు. మామ పంచె ఎగ్గట్టి ఆమెతో పాటు తీగలు తిరగేశాడు. గింజలు మూటకెత్తిన తర్వాత కారు కింద దూరి, వాన చినుకుల్లో తడుస్తూ, ఒక్కొక్క పోగూ లాగి పారేశాడు.

తర్వాత నేను ఎన్నో కార్లు తోలాను, మంచి మంచి బ్రేకులున్నవి. ఎవరూ దారికి అడ్డంగా నిలబడి "ఒక్క సుట్టు తిప్పి పో నాయనా" అని అడగలేదు. ఇప్పుడు అడిగినా దిగి తీగలు లాగేందుకు ఈ నడుము వంగదనుకోండి. అయినా ఆ దారిన పోయినప్పుడల్లా కారు మెల్లగా పోనిస్తాను. వెనకవాళ్ళు హారన్లు కొడతారు. కొట్టుకోనీ.