అత్త చదివిన తైక్వాండో

మొన్న కాశీబుగ్గలో కళ్లజోడు మార్పించుకోవడానికి వెళ్లాను. షాపతను నా చేతికి ఒక అట్ట ఇచ్చి, అందులో చిన్న అక్షరాల ఇంగ్లీషు పేరా చదవమన్నాడు. చదివాను. షాపులో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. "సార్, లోపల్లోపల సదువుకున్నా సరిపోద్దండి. ఈదిలోకి ఇనిపించక్కర్లేదు," అన్నాడతను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా ఇంట్లో ఇంగ్లీషు ముక్క కంటబడితే వీధిలోకి వినిపించేలానే చదివేవారు. అలా చదవడం నాకు మా మేనత్త నుంచి వచ్చింది. ఆ మాటకొస్తే తైక్వాండో కూడా ఆవిడ నుంచే వచ్చింది, జీవితంలో ఆవిడ ఎవర్నీ ఒక్క తన్నూ తన్నకపోయినా. చిన్నప్పుడు మా నాన్నగారిని తన్నిందేమో నాకు తెలియదు.

మాది పలాసకు కొంత ఎడంగా ఉన్న పాత పెద్ద ఇల్లు. తాతగారి రోజుల్లో ఉద్దానంలో మా కొబ్బరితోటల్లో దారి తప్పినవాళ్లు ఉన్నారని చెప్పుకునేవారు. నా రోజులకు, దారి తప్పుదామన్నా మాదంటూ ఒక తోట లేదు. తొంభైల చివర్లో ముందరి హాలు ఒక జీడిపప్పు వ్యాపారికి అద్దెకిచ్చాం. తాతగారు ఊరి తగవులు వినే చోట ఆడవాళ్లు వరసగా కూర్చుని జీడిపిక్కలు కొట్టేవారు. కాల్చిన పిక్కల ఘాటు పరుపుల్లోకీ, పెరుగులోకీ కూడా వచ్చేది. ఇంటికి రాబడి ఆ అద్దె ఒక్కటే. అయినా నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వాకిట్లో కూర్చుని, మన ఇంట్లోవాళ్లు ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడరు అనేవారు. నేను డిగ్రీ పూర్తి చేసి, ఆ మాట ప్రకారమే, ఎక్కడా నిలబడకుండా ఇంట్లో కూర్చున్నాను.

తైక్వాండో పుస్తకాలు మా చిన్నమావయ్య ఇచ్చాడు. ఆయన విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. ఓడలో పనిచేసే కొరియా ఇంజనీరు ఒకాయన తిరిగి వెళ్లిపోతూ, బరువని ఆయనకు వదిలేశాడట. మూడు సంపుటాలు, ఒక్కొక్కటి తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత మందం. నిలబడటం ఎన్ని రకాలు, పిడికిలి ఎన్ని రకాలు, మడమ ఎక్కడ తగలాలి, చూపు ఎక్కడ ఉండాలి, అన్నిటికీ నలుపు తెలుపు ఫొటోలు, బాణం గుర్తులు, కింద సన్న అక్షరాల వివరణలు. ఆ విద్య గురించి మనిషికి తెలియాల్సినదంతా ఇందులో ఉంది, ఇక ఎవర్నీ అడగనక్కర్లేదు అన్నట్టుండేవి. "మీ ఇంట్లో బీరువాలు ఖాళీయే కదా," అంటూ మావయ్య వాటిని తెచ్చి పడేశాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. పుస్తకాలు ఇచ్చినందుకు క్షమించాను.

ఆ ఏడే టెక్కలిలో కొత్తగా పెట్టిన ఒక ఇంగ్లీషు మీడియం స్కూలువాళ్లు పిల్లలకు తైక్వాండో నేర్పే మాస్టరు కోసం చూస్తున్నారని తెలిసింది. బెల్టు పరీక్ష పాసైనవాడై ఉండాలి. నాకు ఆ ఉద్యోగం కావాలి. గుమాస్తా పనికి నాన్నగారు ఒప్పుకోరు. యుద్ధవిద్య అనేసరికి మాత్రం ఆయన చెయ్యి మీసం మీదికి వెళ్లింది. పైగా పుస్తకం చూసి నేర్చుకుంటే ఏ గురువు ముందూ నిలబడే పని లేదు. ఆ సంగతి ఆయన కంటే నాకే ఎక్కువ నచ్చింది.

చిక్కేమిటంటే, పుస్తకం చేత్తో పట్టుకుని తన్నడం కుదరదు, కింద పెడితే అక్షరాలు ఆనవు. అందుకని అత్త వచ్చింది. ఆవిడ నాన్నగారి అక్క. బరంపురంలో కాన్వెంటులో చదివింది. పెళ్లైన కొత్తలోనే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. అంత ఇంగ్లీషూ ఎవరితో మాట్లాడాలో తెలియక, మందుసీసాల కాగితాలూ సబ్బు అట్టలూ దొరికితే పైకి చదువుకునేది. ఈ మూడు సంపుటాలు చూసేసరికి ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగు, పెళ్లిభోజనానికి పిలుపొచ్చినవాళ్ల ముఖాల్లో కూడా నేను చూడలేదు.

పిక్కలు ఎండబెట్టే కళ్లం సాయంత్రానికి ఖాళీ అయ్యేది. పుస్తకంలో ఉన్నట్టే దాని నాలుగు కొసల్లో దిక్కుల గుర్తుగా ముగ్గుతో ఎ, బి, సి, డి అక్షరాలు వేసి, అత్త కుర్చీలో కూర్చుని ఒళ్లో తలగడ, తలగడ మీద పుస్తకం పెట్టుకునేది. తైక్వాండోలో అడుగులూ, దెబ్బలూ, దెబ్బ కాచుకోవడాలూ ఒక క్రమంలో కూర్చిన వరసలుంటాయి, ఎదుట మనిషి లేకుండా ఒక్కరే చేసేవి. ఆవిడ ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పేది. "ఎడం పాదం బి వైపు. బరువు రెండు కాళ్ల మీదా సమానం. సమానం అన్నాడ్రా, నువ్వేటి మీ నాన్నలా వెనక్కి వాలిపోతన్నావు?"

పని ముగించిన ఆడవాళ్లు చేతులకంటిన జీడి నూనె తుడుచుకుంటూ గట్టు మీద చేరేవారు. 

"అమ్మగారూ, సినబాబు కాలు గాల్లోనే ఉండిపోనాదమ్మా," అనేది వాళ్లలో పెద్దామె.

"ఉండనియ్యే. దించమని పుస్తకంలో ఇంకా రాలేదు," అనేది అత్త.

అలా రెండు వేసవులు గడిచాయి. స్కూలువాళ్లకు మాస్టరు ఇంకా దొరకలేదు. నా నడుం నిటారైంది, అది ముందే నిటారుగా ఉండేదని మావాళ్లు అనేవారు కానీ. టెక్కలిలో ఒక కల్యాణ మండపంలో బెల్టు పరీక్ష పెడుతున్నారని తెలిసి వెళ్లాను. అత్త కూడా బస్సెక్కింది, సంచిలో రెండో సంపుటంతో. పరీక్ష పెట్టే మాస్టరు సంతబొమ్మాళి వైపు సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం కుర్రాడు, నాకంటే చిన్నవాడు. విశాఖలో ఏళ్ల తరబడి నేర్చుకుని వచ్చాడట. బెల్టు ఎందుకని అడిగితే స్కూలు ఉద్యోగం సంగతి చెప్పాను. మీ గురువెవరని అడిగాడు. ఎవరూ లేరు, పుస్తకాలే అన్నాను, గొంతు కొంచెం పెంచే అన్నాను.

వరస మొదలుపెట్టాను. మధ్యలో కుడి పిడికిలి చాచి ఆగిపోయాను. ఎంతసేపంటే, వెనక పిల్లలు గుసగుసలాడి, నవ్వడం మొదలుపెట్టేంతసేపు. తర్వాత కదిలాను. మాస్టరు మళ్లీ చేయమన్నాడు. మళ్లీ సరిగ్గా అక్కడే ఆగాను.

"అక్కడేటండీ, ఆగిపోతన్నారు? వరసలో అక్కడ ఆగడం లేదు."

నాకూ అప్పటిదాకా తెలియదు. ఆలోచించి చెప్పాను. "అక్కడ పేజీ అయిపోతుంది."

మండపమంతా నవ్వింది. వెనక కుర్చీల్లోంచి అత్త లేచి నిలబడింది. "నవ్వకండి. ఆ పేజీ తిప్పేది నేను. కీళ్లవాతం, వేళ్లు తొందరగా వంగవు. తప్పుంటే నాది," అంది. నలుగురిలో నిలబడి తప్పు తనదని చెప్పిన మనిషి మా వంశంలో ఆవిడే మొదలు అనుకుంటాను. మాస్టరు ఒక్కడే నవ్వలేదు. తర్వాత ఒక కుర్రాణ్ణి ఎదురుగా నిలబెట్టి తలపడమన్నాడు. పుస్తకంలో మనిషి కొట్టబోయే ముందు ఒక పేరా ఉంటుంది. ఈ కుర్రాడు పేరా లేకుండా వచ్చాడు. నేను కూర్చుండిపోయాను.

మాస్టరు చెయ్యి ఇచ్చి లేపాడు. "నిలబడ్డం మీలాగ నా పిల్లలెవరికీ రాదండి. గీత గీసినట్టుంది. కదల్డమే రాలేదు. దానికి ఎదురుగా మనిషుండాల. బెల్టు ఇప్పుడివ్వలేను. ఆదివారాలు రండి, తెల్ల బెల్టు కాడ్నుంచి మొదలెడదాం. ఏడాది సూసి స్కూలుకి నేనే సెప్తాను."

రానని చెప్పలేదు, వస్తాననీ చెప్పలేదు. ఇంట్లో నాన్నగారు అంతా విని, "వేటకెళ్లేవాళ్ల పిల్లాడి దగ్గర, పిల్లల వరసలోనా? అక్కర్లేదు," అన్నారు. ఆయన అనకపోతే ఆ మాట నేనే అనేవాణ్ణి. అత్త కాళ్లు కడుక్కుంటున్నది ఆగి, తమ్ముడి వైపు తిరిగింది. 

"నువ్వెవరి దగ్గరా నిలబడలేదురా. అందుకే ముందరి హాల్లో పిక్కలు కొడతన్నారు." తర్వాత నాతో, కోపం లేకుండా, "నాకు వచ్చింది చదవడమే, నాన్నా. అది చేసేశాను. ఇక్కడి నుంచి అతను చెప్పాల," అంది.

నాన్నగారు ఆ రాత్రి భోంచేయలేదు. మర్నాడు చేశారు.

ఆదివారం వెళ్లి గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపల పిల్లలు వరసలు కట్టి ఉన్నారు. ఏ వరసలో నిలబడాలో నాకై నేను తేల్చుకోవాల్సి వస్తే వెనక్కి తిరిగి వచ్చేసేవాణ్ణి. మాస్టరు నన్ను చూసి, "ఎత్తు మనిషి, మీరు ఎనకాల నిలబడండి. ముందరుంటే పిల్లలకి నేను కనబడను," అన్నాడు. నా ఎత్తు అంత గొప్పదేమీ కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మర్యాదకు నేను ఈనాటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. కొన్ని నెలలకు ఆయన నన్ను బావా అనడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఆ పిలుపుకు ముందు ఇంటిపేర్లు, గోత్రాలు చూసేవారు. నేను పలికాను.

రెండోసారి పరీక్షకు ముందు సాయంత్రం, కళ్లంలో అత్త అలవాటు ప్రకారం చదవడం మొదలుపెట్టింది. నేను వరస మొదలుపెట్టాను. సగంలో ఆవిడ గొంతు నాకు వెనకబడింది. నేను ఆగలేదు. చివరి దెబ్బ వేసి తిరిగి చూస్తే, ఆవిడ పుస్తకం మూసి, మధ్యలో వేలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"సదవరేటమ్మా?" అంది గట్టు మీంచి పెద్దామె.

"వాడు వెళ్లిపోయాడే. నేనింకా ఇక్కడే ఉన్నాను," అంది అత్త. అంత తృప్తిగా ఆవిడ నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

బెల్టు వచ్చింది, టెక్కలి స్కూల్లో ఉద్యోగమూ వచ్చింది. మొదటి రోజు నాన్నగారు తన ఇస్త్రీ చొక్కా ఒకటి నాకిచ్చారు. అత్త మాత్రం మూడో సంపుటం మానలేదు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి పిక్కలు కొట్టేవాళ్ల మధ్య కుర్చీ వేసుకుని, వాళ్లకు ఒక్క ముక్కా తెలియని ఇంగ్లీషు గంభీరంగా వినిపిస్తూ ఉండేది. పుస్తకం పూర్తయిన కొన్నాళ్లకు ఆవిడ పోయింది. ఆ రోజుల్లో కాలమంటే మా ఇంట్లోంచి ఒక్కో సామానే మోసుకుపోయే మనిషిలా కనిపించేది. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే, ఆ సాయంత్రాల్లో ఆ కాలం కూడా బరువు దించుకుని, గట్టు మీద ఆడవాళ్ల పక్కన కాసేపు కూర్చుని విన్నదనిపిస్తుంది.