నాలుగు రోజులు ఆపిన మోటరు

తాండూరు దగ్గర ఒక కంపెనీ వాళ్లు సున్నపురాయి గని పెడతామంటున్నారు. గని తవ్వితే చుట్టుపక్కల బావుల్లో నీళ్లు ఎంత దిగిపోతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడల్ తయారుచేయడం నా పని. దానికోసం ఈ రోజు యాలాల్ వైపు బావులు కొలవడానికి వెళ్లాను.

రామచంద్రయ్య అనే పెద్దాయన బావిలో నీళ్లు నేననుకున్నదానికంటే చాలా పైకి ఉన్నాయి. పక్కనే టమాట చేను మాత్రం వాడిపోయి ఉంది. ఇదేంటని అడిగాను.

“నువ్వొస్తవని నాలుగు దినాల సంది మోటరు బంద్ పెట్టిన బిడ్డా. బాయి నిండుగ కనవడితే గీడ గనికి పర్మిషన్ ఇయ్యరు గద!” అన్నాడు సంబరంగా.

నీళ్లు అంత పైన ఉన్నాయని రాస్తే, గని లాగేసినా ఇంకా బోలెడు మిగులుతాయనే చూపిస్తుంది మోడల్. ఆ మాటే చెప్పి, “రోజూలాగే మోటరు నడపండి, ఎల్లుండి వచ్చి మళ్లీ కొలుస్తాను” అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. “నీళ్లు తక్కువున్నయని రాస్కపోతవా? నిన్ను కంపెనీయే పంపిందా మేడం?”

కంపెనీయే పంపింది. అబద్ధం చెప్పలేకపోయాను. ఆయన మోటరు వేయనేలేదు.

ఎల్లుండికి ఆ బావి ఇంకాస్త నిండుతుంది. ఆ కొలత రాస్తే గనికి సాయం చేసినట్టు. నమ్మదగిన కొలత కాదని వదిలేస్తే, మోడల్‌లో ఆయన బావే ఉండదు. ఇంత చదువూ చదివి తేల్చుకోలేక అడుగుతున్నాను, మీరైతే ఏం చేస్తారు?