పంతులమ్మ అప్పజెప్పించుకున్న పాఠం

ఆసుపత్రిలో ఆ నర్సును అందరూ పంతులమ్మ అనే పిలుస్తారు. యాభై దాటినవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ పరీక్షల గురించి విడమరచి చెప్పడం ఆమె పని. చెప్పి ఊరుకోదు, అంతా వాళ్లచేత తిరిగి అప్పజెప్పించుకుంటుంది. మలం డబ్బాలో పట్టి ఇస్తే ఏం తెలుస్తుంది, కెమెరా గొట్టం లోపలికి పంపితే ఏం తెలుస్తుంది, దేనితో ఎంత ఇబ్బంది, అసలేదీ చేయించుకోకపోతే ఏమవుతుంది. ఈ నాలుగూ తడుముకోకుండా చెబితేనే, ఇక మీ ఇష్టం అంటుంది. చేయించుకోమనీ అనదు, వద్దనీ అనదు. రోగిని ఎటూ నెట్టకూడదని శిక్షణలో చెప్పారు, అదే ఆమెకు వేదవాక్కు. పదకొండేళ్లలో ఆ గదిలో ఆమె గొంతు ఒక్కసారీ పెరగలేదు.

ఒకరోజు ఆ గదికి బాబాయి వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్. తండ్రి పోయాక ఆమెను పెంచి చదివించినవాడు. పిన్ని పోరు పడలేక వచ్చాడు గానీ ఆయనకు సూదిని చూస్తేనే చెమటలు పడతాయి. టేబుల్ మీది ప్లాస్టిక్ పేగు బొమ్మను అటూ ఇటూ తిప్పి, మా డొక్కు బస్సు సైలెన్సర్ కూడా ఇంతకంటే సూటిగా ఉంటుందన్నాడు.

సొంత మనిషి కదా అని పంతులమ్మ పద్ధతి మార్చలేదు. అక్కడే కొంప మునిగింది. ఇంట్లో నువ్వు అనే మనిషిని మీరు అంది. గొట్టం తగిలి పేగుకు చిల్లు పడటం వేలల్లో ఒకరికి జరుగుతుందనీ దాచకుండా చెప్పింది. ఆయన పొల్లుపోకుండా అప్పజెప్పాడు. బళ్లో ఇలా చదివి ఉంటే ఈ గ్రీజు చేతులు తప్పేవని నవ్వాడు.

తర్వాత, "ఇప్పుడేం వద్దులేమ్మా" అని లేచాడు. డబ్బా కూడా పట్టుకెళ్లలేదు. పంతులమ్మ వెనక్కి పిలవబోయి ఆగింది. అన్నీ తెలిసే వద్దన్నారని కాగితం మీద రాసింది. అయినవాళ్ల దగ్గరా నిక్కచ్చిగా ఉన్నానని లోలోపల కాస్త గర్వపడింది కూడా.

మూడేళ్లకు బాబాయికి మలంలో నెత్తురు పడింది. అప్పటికే జబ్బు కాలేయానికి పాకింది. ఇక చేయగలిగిందేమీ లేదు, నొప్పి తెలియకుండా చూసుకోండని డాక్టరు చెప్పేశాడు.

వార్డులో బాబాయి మగతగా పడి ఉన్నాడు. పిన్ని తడిగుడ్డతో ఆయన పెదవులు తుడుస్తోంది. అంత వివరంగా చెప్పాను కదా పిన్నీ, మరెందుకు వద్దన్నాడు, చిల్లు పడుతుందని భయపడ్డాడా అని పంతులమ్మ అడిగింది. పిన్ని గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే పంతులమ్మకు కాస్త తెరిపిగా ఉండేది.

"భయపడుతూనే వచ్చాడే. నువ్వు చేయించుకోమంటే చేయించుకుందామనే వచ్చాడు. సిగరెట్ మానేదాకా నెల్లాళ్లు ఆయనతో మాట్లాడలేదు నువ్వు. బీపీ మాత్ర మర్చిపోతే ఫోన్ చేసి మరీ తిట్టేదానివి. ఆ రోజు మాత్రం మీరు, మీ ఇష్టం అన్నావంట. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు, 'నిజంగా అవసరమైతే మన పిల్ల నన్ను ఊరికే వదిలేదా? ఒక్క మాటైనా తిట్టలేదు. ఏం ఫర్వాలేదులే' అని."