బాణం లేని ఆరు గోడలు

గోడ కూలగొట్టకుండా, షట్టర్ దించకుండా ఒక దుకాణాన్ని నెల రోజుల్లో లోకం కంటికి కనబడకుండా చేయొచ్చు. నమ్మరా? నేను చేసి చూపించాను, అదీ జీతం తీసుకుంటూ.

తెలంగాణ ఇంకా రాని రోజులు. నాచారంలో యాదగిరి అన్న పిండి గిర్నీలు తయారుచేసేవాడు. ఆయన వెబ్‌సైటు చూసుకోవడం నా పని. గిర్నీ అని సెర్చ్‌లో కొడితే మొదటి పేజీలో మాదే వచ్చేది. దుకాణానికి ఎవరొచ్చినా అన్న చాయ్ కన్నా ముందు నన్ను అదే చూపించమనేవాడు.

నా బుర్ర ఊరుకుంటుందా? ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా, అటు కీసర దాకా ఆరు గోడల మీద అన్న దుకాణం పేరు రాయించి ఉంది. ఆరు గోడలు గిరాకీ తెస్తుంటే, ఆరు పేర్లతో ఆరు సైట్లు పెడితే మొదటి పేజీ అంతా మనదే కదా!

"అన్నా, సైటుకు ఇంకో అయిదు పేర్లు కొందాం. యాడ జూసినా మనమే ఉంటం."

"గిట్ల జేస్తే మంచిగుంటదా?"

"మస్తుంటది. ఫికర్ జెయ్యకు."

ఊరికో పేరు కొన్నాను. ఉన్న సైటునే అయిదుసార్లు కాపీ కొట్టి, నాచారం అన్నచోటల్లా ఒకదాంట్లో ఉప్పల్, ఇంకోదాంట్లో మేడిపల్లి, మరోదాంట్లో కీసర అని మార్చుకుంటూ పోయాను. పెద్ద శ్రమేం లేదు, ఒక్క మీట నొక్కితే అన్నీ మారాయి. డీలర్ల సైట్లలో ఉన్న మా లింకులను కూడా తలా ఒక పేరుకు మార్పించాను.

నెల తిరిగేసరికి మొదటి పేజీలో మేము లేము. రెండోదాంట్లోనూ లేము. అయిదో పేజీ అడుగున కీసర సైటు ఒక్కటే కూర్చుని ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఆరు ఇళ్లు కట్టి ఆరింట్లోనూ ఓడాను. ఫోను మోగడం మానేసింది. లైను ఉందో లేదోనని అన్న మాటిమాటికీ రిసీవర్ ఎత్తి చెవిన పెట్టుకునేవాడు. అది చూస్తే నాకు సిగ్గేసేది, భయమూ వేసేది.

చివరికి ఒక ఫోను వచ్చింది. అన్న ఎత్తాడు. జనగామ గిరాకీ, గొంతు నా దాకా వినిపించింది.

"అన్నా, కీసరకొచ్చిన. గుట్టెక్కిన, దర్శనం గూడ అయింది. మీ గిర్నీల దుకాణం యాడుంది?"

నేను నొక్కిన మీటకు అడ్రసులోని నాచారం కూడా కీసర అయిపోయిందన్నమాట!

అన్న ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. ఇక దాచలేక అంతా చెప్పాను.

"ఆరింట్ల ఒకటే రాత ఉందన్నా. ఏది అసలుదో సెర్చ్‌కు తెలుస్తలేదు. లింకులు గూడ ఆరు దిక్కుల చీలినయ్. మరి గోడలెట్ల పనిజేసినయో నాకు సమజైతలేదు."

"గోడ మీద పేరు కింద ఏముంటది తమ్మీ?"

"ఏముంటది?"

"బాణం. దుకాణం గిటు అని. నీ సైట్లల్ల బాణమేది?"

ఏనాడూ కంప్యూటరు ముట్టని మనిషి! ఆ పూటే అయిదు పేర్లనూ అసలు సైటుకు మళ్లించాను, ఏది కొట్టినా నాచారమే తెరుచుకునేలా. కొన్ని వారాలకు మెల్లగా మొదటి పేజీకి తిరిగొచ్చాం. ఫోను మోగింది.

అన్న పెయింటర్‌ను పిలిపించి నా కుర్చీ వెనక గోడ మీద ఎర్ర బాణం వేయించాడు, మొన సరిగ్గా నా తల మీదికి వచ్చేలా. ఇదేందని ఎవరైనా అడిగితే, "కీసర దుకాణం గీడనే ఉంది" అనేవాడు.

అందుచేత గిర్నీ రాయి మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి దుకాణానికైనా నేను పెట్టే పేరు ఒక్కటే. రెండోది పెట్టక తప్పకపోతే, ముందు బాణం గీశాకే గోడ కడతాను.